తెల్లవారుజామున ఐదు నిమిషాలు

స్పిరిట్‌లో ముంచిన దూది వాసన నాకు ఇప్పటికీ తెల్లవారుజాము వాసనే. మొన్న జ్వరంతో పడుకుంటే, మా చెల్లెలి కోడలు స్వరూప ఏ డబ్బాలోంచో పాత గాజు థర్మామీటరు తీసి, స్పిరిట్ దూదితో తుడిచి నా నాలుక కింద పెట్టింది. "రెండు నిమిషాలే, పెద్దమ్మా" అంది. రెండు నిమిషాలయ్యాక తీయబోతే చేయి అడ్డం పెట్టాను. ఐదు నిమిషాలూ నిండేదాకా కదలకుండా, కళ్ళు తెరిచి, పైకప్పు చూస్తూ పడుకున్నాను. ఆ పిల్ల ఒకడుగు వెనక్కి వేసి, "గట్ల పండుకోకు పెద్దమ్మా, నాకు భయమైతున్నది" అంది.

డాక్టర్ హైమవతి గారి గురించి రాసి పెట్టాలని ఆ ఉదయమే నిశ్చయించుకున్నాను. ఆమె పోయి చాలా కాలమైంది. ఆబిడ్స్‌లో కళ్ళజోళ్ళ దుకాణం పైన ఆమె క్లినిక్కు ఉండిన మేడను కూడా పడగొట్టారు. ఆమె చేసిన మంచి చెప్పుకునేవాళ్ళు ఊళ్ళో ఇంకా ఒకరిద్దరు ఉండవచ్చు. కాని ఆ క్లినిక్కులో జరిగిన ఒక తప్పును చెప్పవలసినదాన్ని నేనే. ఆ తప్పును అక్షరాల్లో పెట్టింది నేను. నాతోపాటు అదీ పోతే, ఆమె ఎంతటి మనిషో తెలిపే సాక్ష్యం పోయినట్టే.

నేను ఎనిమిదో తరగతి దాటలేదు. మా నాన్న గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసు గుమాస్తా. పెళ్ళయిన నాలుగేళ్ళకు, పిల్లలు కలగలేదని, అత్తగారింటి వాళ్ళు నన్ను ఒక ట్రంకు పెట్టెతో తిరిగి పంపించారు. ఆ తర్వాత నాకు దిక్కయింది అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న లైబ్రరీ. పురాణాలు, వైద్యగ్రంథాలు, ఖగోళం, ఏది చేతికందితే అది చదివాను. అర్థంకాని మాటలను నోటుబుక్కులో ఎత్తి రాసుకునేదాన్ని. బరువైన మాట ఎంత ఎక్కువగా వాడితే అంత చదువుకున్నట్టు అనుకునే రోజులవి.

డాక్టరమ్మది బందరు. మద్రాసులో చదివి, రాష్ట్రం ఏర్పడ్డాక భర్త ఉద్యోగంతో హైదరాబాదు వచ్చి, ఆయన పోయాక ఇక్కడే ఉండిపోయింది. చీటీలు రాయడానికి మనిషి కావాలని తెలిసి వెళ్ళాను.

"ఏం చదువుకున్నావు?" అని అడిగింది.

"లైబ్రరీ మొత్తం చదివిన" అన్నాను.

"మొత్తమే! అయితే ఇది చదువు చూద్దాం" అని తన చేతిరాతతో ఉన్న మందుల చీటీ ఒకటి చేతికిచ్చింది. రెండు నిమిషాలు తంటాలు పడి తలెత్తాను. "చూశావా, లైబ్రరీలో లేనిదొకటి దొరికింది. రేపటి నుంచి రా" అంది. ఆనాటి నుంచి సక్కుబాయి అనే నా పేరు పక్కన పెట్టి నన్ను చాలాసార్లు 'లైబ్రరీ' అనే పిలిచేది.

ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పిల్లల కోసం వచ్చేవాళ్ళు. వాళ్ళలో కొందరిది ఒకే తరహా బాధ. నెలసరి రెండు మూడు నెలలకొకసారి వస్తుంది. ఒళ్ళు బరువెక్కుతుంది. గడ్డం మీద వెంట్రుకలు మొలుస్తాయి. పసుపు దట్టంగా రాసుకుని వాటిని దాచుకుంటారు. డాక్టరమ్మ వాళ్ళకు ఇలా చెప్పేది: "నీ అండాశయంలో గుడ్లు లేక కాదమ్మా. జొన్న కంకి చూశావుగా? గింజ పాలు పోసుకుంటుంది, గట్టిపడకుండా ఆగిపోతుంది. నీలో ఒకటి కాదు, బోలెడు గింజలు అలా ఆగిపోయి ఉన్నాయి." చేరిన నెలలోనే ఆమె నన్ను కూడా పరీక్ష చేసింది. నాదీ ఆ జబ్బే. నన్ను పంపించేసిన రోజుల్లో దానికి మాత్ర లేదు. డెబ్బైల మొదట్లో అది మా ఊరికి చేరింది.

మాత్ర పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి అప్పట్లో మాకున్న చవకైన ఉపాయం థర్మామీటరు. గుడ్డు విడుదలైతే ఒంటి వేడి అర డిగ్రీదాకా పెరిగి, నెలసరి వచ్చేవరకు అక్కడే నిలుస్తుంది. గర్భం నిలిస్తే ఇక దిగదు. గుడ్డు రాకపోతే ఆ గీత నేలలా చదునుగా సాగిపోతుంది. అందుకని రోజూ నిద్ర లేవగానే, మంచం దిగకముందే, ఎవరితోనూ మాట్లాడకముందే వేడి చూసుకుని గళ్ళ కాగితం మీద చుక్క పెట్టాలి. "ఇదంతా నాలుగు ముక్కల్లో రాసి అచ్చు వేయించు, అందరికీ పంచుదాం" అంది డాక్టరమ్మ.

నేను నాలుగు ముక్కల్లో రాయలేదు. ఇన్నాళ్ళ చదువుకు పని దొరికిందని మూడు రాత్రులు కూర్చున్నాను. "ప్రాతఃకాలమున మేల్కాంచిన తోడనే, శయ్యను వీడక, ముఖప్రక్షాళనమునకు పూర్వము, మౌనము వహించి, నిశ్చల చిత్తముతో అయిదు నిమిషములు" అని మొదలుపెట్టి, "తొంబది దినములు అవిచ్ఛిన్నముగా ఆచరింపవలెను" అన్నాను. ఆడవాళ్ళ సంగతి నలుగురిలో పడకూడదని, "ఈ విషయము అన్యులతో ప్రస్తావింపరాదు" అని చివర చేర్చాను. ప్రెస్సు రాజలింగం దగ్గర శుభలేఖల బొమ్మ అచ్చులే ఉండేవి. కాగితం పైన కలశం, చుట్టూ పూలతీగ వేసి ఇచ్చాడు. డాక్టరమ్మ పైపైన చూసి, "ఇంత బరువెందుకే?" అంది. బయట పేషెంట్లు కూర్చుని ఉన్నారు. సంతకం పెట్టి ఇచ్చేసింది.

ఆ కాగితాలు పంచినప్పటి నుంచి నాకు తెల్లవారుజాములు మారిపోయాయి. నాంపల్లి స్టేషనులో మొదటి బండి కూతకు మెలకువ వచ్చేది. ఆ వేళకు ఊళ్ళో ఎందరో ఆడవాళ్ళు, ఒకరికొకరు తెలియనివాళ్ళు, మాట లేకుండా, కదలిక లేకుండా, నోట్లో గాజుపుల్లతో పైకప్పు చూస్తూ ఉంటారని తలచుకుంటే వెన్నులో చలి పుట్టేది. నాకు అవసరం లేకపోయినా నేనూ ఒక థర్మామీటరు నోట్లో పెట్టుకునేదాన్ని. పొద్దున్నే మూసి ఉన్న దుకాణాల ముందు నుంచి క్లినిక్కుకు నడుస్తుంటే పై అంతస్తుల కిటికీలన్నీ నోరు మూసుకుని నన్నే చూస్తున్నట్టుండేవి. క్లినిక్కు గోడకు గుచ్చిన చార్టులు ఫ్యాను గాలికి ఒకదానితో ఒకటి రాసుకుని గుసగుసలాడేవి. ఆ గీతల్లో చాలావరకు చదునైనవే.

ఆ కాగితం పంచిన రెండేళ్ళకు అనసూయ మా దగ్గరికి వచ్చింది. ఇరవై మూడేళ్ళు. భర్తకు అఫ్జల్‌గంజ్‌లో తాళ్ళ దుకాణం, ఇల్లు నాంపల్లి స్టేషను వెనక గల్లీలో. ఎప్పుడు వచ్చినా వెంట అత్త బాలమణమ్మ ఉండేది. నల్లగా, ఎముకల గూడులా, రూపాయంత బొట్టుతో ఉండే మనిషి.

"నెలకింత మాత్రలు మింగుతున్నది, ఏందమ్మా ఇంక ఏం తెలుస్తలేదు?" అని డాక్టరమ్మను నిలదీసేది. "మా చుట్టాలు ఊకుంటలేరు. ఇంకో పిల్లను చూడుమంటున్నరు నా కొడుక్కు."

"మీరేమంటున్నారు?"

"నేనేమంట? దసరాదాంక ఆగుమన్న. ఆ తర్వాత నా మాట ఎవలింటరు?"

అనసూయ తల వంచుకుని కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ ఉండేది. దసరా గడువు విన్నప్పుడల్లా నాకు నా ట్రంకు పెట్టె గుర్తొచ్చేది.

మొదటి నెల చార్టు చదును. రెండో నెల మాత్ర పెంచారు. చదును. మూడో నెల ఇంకా పెంచారు. డాక్టరమ్మకు ఒక అలవాటు ఉండేది. చార్టులను ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి, వెలుతురులో గీతలను పోల్చి చూసేది. అనసూయ చార్టులు అలా పెట్టి చాలాసేపు నిలబడిపోయింది.

"సక్కూ, ఇలా రా. నెలసరి ఇప్పుడు వేళకు వస్తోందంటుంది. గీత చూస్తే వెంట్రుకవాసి కూడా లేవడం లేదు. మాత్ర పడ్డ ఒంట్లో ఏదో ఒక కదలిక ఉండాలి. ఇది..." అని ఆగి, గొంతు తగ్గించి అంది, "ఇది ఇరవై మూడేళ్ళ పిల్ల గీతలా లేదే. అన్నీ అయిపోయిన ఒళ్ళు ఇది."

అయినా ఆమె కాగితాన్నే నమ్మింది. పెద్దాసుపత్రికి ఉత్తరం రాసింది. పొట్ట కోసి, అండాశయంలోంచి ఒక ముక్క కోసి తీసేస్తే కొందరికి గుడ్డు విడుదలవుతుంది. మాత్ర రాకముందు ఉన్న దారి అదే. సోమవారం చేరమన్నారు. ఆ మాట విని బాలమణమ్మ గోడకు చేరగిలబడి, "కోసిన కడుపు మల్ల పండుతదా, తల్లీ?" అని ఏడ్చింది.

గురువారం ఉత్తరం తీసుకోవడానికి అనసూయ ఒక్కతే వచ్చింది. నిలబడలేక గోడ పట్టుకుంది. చేయి పట్టుకుంటే కాలిపోతోంది. థర్మామీటరు పెడితే నూట రెండు. మూడు రోజుల నుంచి జ్వరమట. ఆమె తెచ్చిన చార్టు నా చేతిలోనే ఉంది. ఆ మూడు రోజుల చుక్కలూ తొంభై ఏడు దగ్గర, మిగతావాటి పక్కనే, వరసగా, చల్లగా ఉన్నాయి. ఆ ఉదయం చుక్క కూడా.

బల్ల మీద కాగితం, బల్ల పక్కన మనిషి. కాలుతున్న ఒంటికి చల్లని గీత. ఆ చార్టులో ఇంకెవరో పడుకుని ఉన్నారనిపించింది. డాక్టరమ్మ కూడా రెండింటినీ మార్చి మార్చి చూసింది. పిల్లను అడిగితే బెదిరిపోయి, "కాగితంల ఎట్లున్నదో గట్లనే చేస్తున్నం" అని మాత్రం చెప్పింది. ఉత్తరం ఇవ్వకుండా ఆపి, మందిచ్చి రిక్షా ఎక్కించాక డాక్టరమ్మ నాతో అంది, "రేపు తెల్లారేసరికి వాళ్ళింట్లో ఉండు. ఏం చేస్తున్నారో నీ కళ్ళతో చూసి రా."

మర్నాడు మొదటి బండి కూత వేళకు ఆ గల్లీలో ఉన్నాను. వాకిట్లో ఎవరో వంగి ఊడుస్తున్నారు. దగ్గరికి వెళ్ళి చూస్తే అనసూయ. జ్వరం తగ్గినట్టుంది, ముఖం పీక్కుపోయింది.

"నువ్విప్పుడు మంచంల ఉండాలె గదా!" అన్నాను.

ఆమె వేలు పెదవుల మీద పెట్టుకుంది. "మెల్లగ మాట్లాడు, సక్కక్కా. లోపట మౌనం పడుతున్నరు."

"ఎవరు? ఏం మౌనం?"

ఆమె గడపవైపు చూసింది. నేను లోపలికి వెళ్ళాను. గదిలో దేవుడి ముందు చిన్న దీపం. మంచం మీద, గడ్డం దాకా తెల్ల దుప్పటి కప్పుకుని, జుట్టు విరబోసుకుని ఒక మనిషి వెల్లకిలా పడుకుని ఉంది. చేతులు రెండూ ఛాతీ మీద జోడించి ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోట్లోంచి గాజుపుల్ల నిలబడి దీపం వెలుగుకు మెరుస్తోంది. శవాన్ని చూశాననే అనుకున్నాను. అంతలో ఆ కళ్ళు మెల్లగా నావైపు తిరిగాయి. కెవ్వుమనబోయి నోరు నొక్కుకున్నాను. దుప్పటి మీది చేయి ఒకటి లేచింది. రెండు వేళ్ళు చూపింది. ఇంకా రెండు నిమిషాలని.

ఆ రెండు నిమిషాలు గడియారం టిక్కుటిక్కుమంటుంటే అక్కడే నిలబడ్డాను. తర్వాత బాలమణమ్మ లేచి కూర్చుని పుల్ల తీసింది. "ఏంది సక్కుబాయమ్మా, గింత పొద్దుగాల వచ్చినవు? పిల్లకు ఏమన్న అయితదా?"

"ఈ పుల్ల మీరు పెట్టుకుంటున్నరా?"

"ఔ, నేనే. మొదటి దినం నుంచి." ఆమె గొంతులో గర్వం ఉంది. "నల్లా నాలుగున్నరకే వస్తది. నీళ్ళు పట్టాలె, వాకిలూడ్వాలె. పిల్లను పండుకోని మౌనం పట్టుమంటె ఎట్లయితది? గౌరమ్మ నోము గూడ దాని బదులు నేనే నోచిన. గిది గూడ నోస్తున్న. తొంబై దినాలల్ల ఎనబై ఆరు అయినయి. ఒక్క దినం తప్పలె. చుక్క అదే పెడుతది, నేను చెప్పంగ."

"మరి మొన్న జ్వరం..."

"జ్వరం దానికొచ్చింది. నాకు రాలేదు గద!"

"ఎవ్వరికీ చెప్పలేదేంది?"

బాలమణమ్మ నన్ను జాలిగా చూసింది. దేవుడి పటం వెనక దాచిన కాగితం తీసింది. కలశం బొమ్మ మీద కుంకుమ పెట్టి ఉంది. "చెప్పొద్దని గీ కాగితంలనే రాసున్నది గద, బిడ్డా. నా బిడ్డ కొడుకు చదివి వినిపించిండు. నువ్వే రాసినవంట గద? మస్తు మంచిగ రాసినవు."

ఆబిడ్స్ దాకా ఎలా వచ్చానో తెలియదు. డాక్టరమ్మ అంతా విని, ఆ కాగితం ఒకటి తెప్పించుకుని, మొదటి నుంచి చివరిదాకా పైకి చదివింది. నెమ్మదిగా, ఒక్కొక్క మాటా. ఆమె గొంతులో వింటుంటే నాకు కూడా చేతులు జోడించాలనిపించింది. "ఇది వింటే నేనే కొబ్బరికాయ కొడతాను" అంది. నవ్వలేదు. పెద్దాసుపత్రికి రాసిన ఉత్తరాన్ని నాలుగు ముక్కలుగా చింపేసింది.

నేను అనసూయ చార్టులు తీసి చెత్తబుట్టవైపు వంగాను. "ఆగు. ఎందుకు పారేస్తావు?" అంది. "ఎనభై ఆరు రోజులు. ఒక్క అంకె తప్పు లేదు. పేరొక్కటే తప్పు." కలం తీసి అనసూయ పేరు కొట్టేసి, 'బాలమణి, యాభై ఎనిమిది' అని రాసింది. ఆ తర్వాత తలెత్తి బీరువా వైపు చూసింది. అందులో రెండేళ్ళ చార్టులున్నాయి. అడిగింది, "అందులో ఇంకెవరెవరున్నారు, సక్కూ?"

ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు. వారంపాటు ఇల్లిల్లూ తిరిగాను. ఒక్కటే అడగమంది: "పుల్ల ఎవరి నోట్లో పెట్టుకున్నారు?" చాలామంది తమదేనన్నారు. ఖైరతాబాద్‌లో ఒకామె మాత్రం మామూలుగా, "మా ఆడబిడ్డ పట్టింది. ఆమెకు పిల్లలున్నరు గద, ఆమె చేతుల ఫలముంటదని" అంది. ఆడబిడ్డ చివరి కాన్పయ్యాక పిల్లలు చాలని ఆపరేషన్ చేయించుకుందట, అప్పటికి పాలిచ్చే తల్లి, నెలసరి ఇంకా మొదలు కాలేదు. ఆ చదును గీత చూసే ఈమెను కిందటేడు కోతకు పంపించాము. కోత మానింది కాని కడుపు పండలేదు.

డాక్టరమ్మ ఆమెను పిలిపించింది. ఆమె గదిలోకి రాగానే తన కుర్చీలోంచి లేచి నిలబడింది. "నీదనుకుని నేను చూసిన చార్టు నీది కాదమ్మా. నేను అడగలేదు. నిన్ను కోతకు పంపాల్సిన అవసరం ఉందో లేదో తెలియకుండానే పంపాను. తప్పు నాది."

"ఇప్పుడు చెప్తే ఏం ఫాయిదా?" అంది ఆమె.

"ఫాయిదా ఏమీ లేదు. నీ ఒంటి సంగతి నీకు తెలియాలి."

ఆమె వెళ్ళిపోయాక నేను ఏడ్చాను. "రాసింది నేను గద, నా పేరెందుకు చెప్పలే?" అన్నాను. "రాసింది నువ్వు. కింద సంతకం ఎవరిది?" అని మాత్రం అంది. ఆ తర్వాత ఒక తెల్ల కాగితం నా ముందుకు తోసింది. "మళ్ళీ రాయి. రాసింది నాకు చూపించకు. బాలమణమ్మకు చదివి వినిపించు. ఆమెకు ఏం అర్థమయిందో ఆమె నోటితో చెప్పించుకుని రా."

బాలమణమ్మ నన్ను నాలుగుసార్లు తిప్పి పంపింది. "'ఉష్ణోగ్రత' అంటె ఏంది?" అంది. "వేడి." "మరి వేడి అని రాయొచ్చు గద, నీ నోరేమన్న కాలుతదా?" అంది. చివరికి మిగిలిన కాగితం ఏడు వాక్యాలది. మొదటి వాక్యం 'ఇది నోము కాదు'. రెండోది 'ఎవరికి మందు ఇచ్చామో వాళ్ళే పుల్ల పెట్టుకోవాలి'. ఆఖరుది 'తెలియనిది ఎవరినైనా అడగవచ్చు'. కలశం తీసేశాము. ఆనాటి నుంచి చార్టు ఇచ్చేముందు ప్రతి ఆడమనిషినీ, ఆమె వెంట వచ్చిన పెద్దామెనూ కూర్చోబెట్టి, ఎవరు లేస్తారు, ఎవరు ఊడుస్తారు, నల్లా ఎన్నింటికి వస్తుంది అని అడిగి రాసుకున్నాకే మాత్ర ఇచ్చేవాళ్ళం. మాత్ర పెంచేముందు మళ్ళీ అడిగేవాళ్ళం. తర్వాతి ఏళ్ళలో చదును గీతలు తగ్గాయి. మందు అదే మందు.

అనసూయ ఇక పొద్దున్నే మంచం మీద ఉండేది. వాకిలి బాలమణమ్మ ఊడ్చేది. గల్లీలో ఆడవాళ్ళు ఊరుకుంటారా? "ఏందక్కా, కోడలు పండుకుంటె అత్త ఊడ్వబట్టె!" అని ఎత్తిపొడిచారట. "ఔ మరి. అది ఐదు నిమిషాలు నోరు మూసుకుంటది. నువ్వు గూడ జర మూసుకోరాదు?" అందట ఈమె.

మాత్రను మొదటి మోతాదుకు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి గీత మధ్యలో లేచింది, నెలసరికి దిగింది. అంటే ఆ ఒళ్ళు కదులుతూనే ఉంది. మేమే ఇంకొకరిని చూస్తూ కూర్చున్నాము. దసరా వచ్చి వెళ్ళింది. చుట్టాలు మళ్ళీ వచ్చి కూర్చుంటే బాలమణమ్మ కొత్త చార్టు వాళ్ళ ముందు పరిచి, "గీత లేస్తున్నది. ఇంక ఆగున్రి" అందట. ఆ తర్వాతి నెల గీత లేచింది. పద్దెనిమిది రోజులైనా దిగలేదు. డాక్టరమ్మ ఆ చార్టు కింద బాలమణమ్మ చార్టు పెట్టి రెండింటినీ కిటికీ అద్దానికి ఆనించింది. కింద ముసలామె గీత నేలలా ఉంది. దాని మీంచి కోడలి గీత మెట్టెక్కి నిలబడింది. మరుసటి శ్రావణంలో ఆడపిల్ల పుట్టింది.

ఇది రాయడానికి సాయపడినవాళ్ళ పేర్లు చెప్పాలి. రెండో కాగితాన్ని డబ్బు తీసుకోకుండా అచ్చువేసిన రాజలింగానికి, ఎత్తైన అలమరల్లోంచి నాకు వైద్యగ్రంథాలు దింపి ఇచ్చిన లైబ్రరీ ఖాదర్ సాబుకు, మొన్న భయపడినా కాగితమూ కలమూ తెచ్చిపెట్టిన స్వరూపకు, ఇది చదివి "అంతా రాయి, సక్కక్కా, ఏం దాచకు" అన్న అనసూయకు, ఎనభై ఆరు తెల్లవారుజాములు ఒక్క చుక్క కూడా అబద్ధం చెప్పని బాలమణమ్మకు, తన సంతకాన్ని తప్పించుకోని హైమవతి గారికి నా నమస్కారాలు.

ఖైరతాబాద్ ఆమెకు కూడా. ఆమె పేరు రాయొద్దంది, రాయడం లేదు. ఆ పేరు ఒక చార్టు మీద ఉంది. బాలమణమ్మ చార్టు మీద పేరు దిద్దిన డాక్టరమ్మ, దాన్ని మాత్రం దిద్దలేదు. తన కుర్చీకి ఎదురుగా గోడకు గుచ్చి, పోయేదాకా అలాగే ఉంచింది. ఇప్పుడది నా మంచానికి ఎదురుగా ఉంది. తెల్లవారుజామున కళ్ళు తెరిచి, మాట్లాడకుండా, కదలకుండా, ఐదు నిమిషాలు దాన్నే చూస్తాను.